చట్టం, ప్రయోగశాల, కర్మాగారం: మందుల రంగంలో మన పోటీశక్తి
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)



డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడే అవకాశం దక్కడం నాకు గౌరవం. ఆయనను పొగడటంతో మన బాధ్యత తీరిపోదని నా నమ్మకం. ఆయన జీవితం మన విధానకర్తల ముందు ఒక ప్రశ్న పెట్టింది. ఈ ఉపన్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో, మద్రాసులో చదువుకున్నారు. పేగులకు సోకే స్ప్రూ వ్యాధి ఆయన ఇద్దరు సోదరులను బలి తీసుకుంది. 1923లో ఆయన హార్వర్డ్ చేరారు. రెండేళ్లలోనే సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టారు. ఆ తర్వాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పనిచేశారు. 1940లో న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను చంపిన స్ప్రూ రోగంలో వచ్చే రక్తహీనతకు అదే మందయింది. ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ కూడా అక్కడినుంచే వచ్చింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో వ్యాధి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. క్యాన్సర్‌కు మందుతో వైద్యం చేయవచ్చని ప్రపంచం నమ్మడం అక్కడే మొదలైంది. అమినోప్టెరిన్ తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ కీళ్లవాతానికీ, క్యాన్సర్‌కూ వాడుకలో ఉంది. గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి బోదకాలు నివారణకు పంచిన డీఈసీ మాత్రలు కూడా లెడర్లీలో ఆయన నడిపించిన పరిశోధన ఫలితమే. అదే 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇక ప్రశ్న. ఇదే మనిషి, ఇదే మేధ, 1923కు ముందు మద్రాసులోనూ ఉన్నాయి. మరి ఈ మందుల్లో ఒక్కటీ మద్రాసులో ఎందుకు పుట్టలేదు? పెర్ల్ రివర్‌లో ఆయనకు రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవి శాస్త్రజ్ఞులు, జంతువుల మీద పరీక్షించే ఏర్పాట్లు, పక్కనే కర్మాగారం, మందును రోగులకు జాగ్రత్తగా ఇచ్చి చూసే ఆసుపత్రులు, వీటన్నిటికీ ఏళ్ల తరబడి డబ్బు పెట్టే యాజమాన్యం ఉన్నాయి. విత్తనం మనది, పొలం వాళ్లది. స్వతంత్రం వచ్చాక ఆ పొలాన్ని ఇక్కడ తయారు చేసుకోవడానికి మనం ఏం చేశాం, ఎక్కడ ఆగిపోయాం, ఇప్పుడేం చేయాలి అన్నవే నేను మీ ముందుంచదలచిన విషయాలు.

1. ఒక చట్టం చేసిన మేలు

సాంకేతికతలో పోటీ గురించి మన దేశంలో జరిగే చర్చ రెండు వాదాల మధ్య నలుగుతూ వచ్చింది. పేటెంట్లు ఎంత గట్టిగా ఉంటే కొత్త ఆవిష్కరణలు అంతగా వస్తాయని, ప్రపంచ మార్కెట్‌లో అప్పుడే నిలబడతామని ఒక వాదం. పేటెంట్లు ధరలు పెంచుతాయి కాబట్టి వాటిని ఎంత సడలిస్తే ప్రజలకు అంత మేలని మరో వాదం. మందుల రంగంలో మన అనుభవం ఈ రెంటికన్నా లోతైన పాఠం చెబుతోంది.

స్వతంత్రం వచ్చేనాటికి మనకున్నది 1911 నాటి పేటెంట్ చట్టం. దాని కింద విదేశీ కంపెనీలు మందు మీద పేటెంట్ తీసుకునేవి. ఇక్కడ తయారుచేసేవి కావు, మరొకరిని తయారుచేయనిచ్చేవీ కావు. జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో ప్రభుత్వానికిచ్చిన నివేదికలో ఈ సంగతిని లెక్కలతో నిరూపించారు. దేశంలోని పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయులవి. వాటిలో 90 శాతానికి పైగా ఇక్కడ ఉత్పత్తికి ఉపయోగపడనే లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా సెనేట్‌లో కెఫావర్ సంఘం మందుల ధరల మీద విచారణ జరిపి, యాంటీబయాటిక్‌ల ధరలు ప్రపంచంలో అత్యధికంగా ఉన్న దేశాల్లో భారత్ ఒకటని తేల్చింది. అతి పేద దేశం అతి ఎక్కువ ధర కడుతోందన్నమాట.

అయ్యంగార్ నివేదిక చట్టంగా మారడానికి పదకొండేళ్లు పట్టింది. 1970లో పార్లమెంటు ఆమోదించిన పేటెంట్ చట్టం 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. మందుల విషయంలో మందు మీద పేటెంట్ ఉండదు, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉంటుందని అది నిర్దేశించింది. ఆ గడువు కూడా పేటెంట్ మంజూరై అయిదేళ్లు లేదా దరఖాస్తు చేసి ఏడేళ్లు, వీటిలో ఏది ముందైతే అది. అంటే ఒకే మందును వేరే దారిలో తయారు చేయగలిగినవారికి తలుపు తెరుచుకుంది.

2. తలుపు తెరిస్తే నడిచిందెవరు?

చాలామంది కథను ఇక్కడితో ఆపేస్తారు. చట్టం మారింది, పరిశ్రమ పెరిగింది అంటారు. ఆ రోజుల్లో మందుల మీద పేటెంట్ ఇవ్వని వర్ధమాన దేశాలు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ దేశాలు మందుల పరిశ్రమను నిర్మించుకోలేకపోయాయి. వేరే దారిలో తయారుచేసుకోవచ్చని చట్టం అనుమతిస్తే సరిపోదు. ఆ దారి ఏమిటో కనిపెట్టే రసాయన శాస్త్రజ్ఞుడు కావాలి. అతడు గాజు కుప్పెలో చేసినదాన్ని టన్నుల లెక్కన చేయగల ఇంజనీరు కావాలి. మనకు వాళ్లున్నారు. ఎందుకున్నారంటే చట్టానికి ముందే వాళ్లను తయారుచేసే సంస్థలను ప్రభుత్వం పెట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సాయంతో పెన్సిలిన్ తయారీకి 1954లో పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ ఏర్పడింది. 1961లో సోవియట్ యూనియన్ సహకారంతో ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్, మనందరం ఐడీపీఎల్ అని పిలుచుకునే సంస్థ, ఏర్పడింది. రిషికేశ్‌లో యాంటీబయాటిక్‌లు, హైదరాబాద్ బాలానగర్‌లో కృత్రిమ రసాయనాలతో చేసే మందులు. ఊరికి ఇంకో పక్కన తార్నాకలో ప్రాంతీయ పరిశోధనశాల, ఇప్పటి ఐఐసీటీ. పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం. చదువు ఒకచోట, పరిశోధన ఒకచోట, ఉత్పత్తి ఒకచోట ఉన్నా, ఒక్క సిటీ బస్సు దూరంలో ఉన్నాయి.

ఐడీపీఎల్ లాభాల సంస్థగా నిలబడలేదు. 1990ల తొలినాళ్లకే ఖాయిలా పడింది. ఆ ఒక్క కారణంతో దాన్ని విఫల ప్రయోగం అనేవారితో నేను ఏకీభవించను. తాడేపల్లిలో పుట్టిన డాక్టర్ కల్లం అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో వెలసిన ఎన్నో బల్క్ డ్రగ్ (మందుల మూలపదార్థాల) యూనిట్లలో రియాక్టర్ల దగ్గర నిలబడినవారిలో చాలామంది ఐడీపీఎల్ బడిలో పని నేర్చుకున్నవారే. ఒక ప్రభుత్వరంగ సంస్థ విలువను దాని లాభనష్టాల పట్టికలో మాత్రమే వెతికితే, అది తయారుచేసి ఇచ్చిన మనుషులు ఆ పట్టికలో కనిపించరు.

ఈ కలయిక ఏం చేయగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఎయిడ్స్‌కు తొలి మందు ఏజెడ్‌టీని చవకగా తయారుచేసే పద్ధతిని డాక్టర్ ఏ.వి. రామారావు నాయకత్వంలో ఐఐసీటీ రూపొందించింది. సిప్లా దాన్ని ఉత్పత్తి చేసింది. ఏడాదికి పదివేల డాలర్లకు మించిన మూడు మందుల ఎయిడ్స్ చికిత్సను 350 డాలర్లకే ఇస్తామని 2001 ఫిబ్రవరిలో అదే సిప్లా వైద్య సేవాసంస్థలకు ప్రకటించింది. ఆఫ్రికాలో లక్షలాది ప్రాణాలు నిలబడటానికి అది దారితీసింది. హెపటైటిస్-బి టీకా విషయంలోనూ ఇదే జరిగింది. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ ఉస్మానియాలో, సీసీఎంబీ పరిశోధనశాలలో తలదాచుకొని పనిచేసి 1997లో స్వదేశీ టీకాను మార్కెట్‌లోకి తెచ్చింది. సామాన్యుడికి అందని టీకా చవకైంది.

చట్టం, ప్రయోగశాల, కర్మాగారం ఒకే దిశలో నడిస్తేనే పోటీశక్తి పుడుతుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ ఒంటరిగా దాన్ని ఇవ్వలేదు. నేను ఈ వేదిక మీద చెప్పదలచిన ప్రధానమైన మాట ఇదే.

3. 2005 తర్వాత

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినందుకు 2005 జనవరి 1 నుంచి మందుల మీద కూడా పేటెంట్ ఇవ్వడం మనకు తప్పలేదు. అయితే ఇందుకోసం చేసిన చట్ట సవరణలో పార్లమెంటు సెక్షన్ 3(డి) అనే రక్షణ పెట్టింది. పాత మందునే కొద్దిగా మార్చి కొత్త పేటెంట్ అడిగితే, రోగం తగ్గించే శక్తి నిజంగా పెరిగిందని చూపాలి. నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ అనే రక్త క్యాన్సర్ మందు బీటా స్ఫటిక రూపానికి పేటెంట్ అడిగినప్పుడు, సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఈ సెక్షన్ ఆధారంగానే కాదన్నది. నెలకు లక్షకు పైగా ఖర్చయ్యే చికిత్స దేశీయ కంపెనీల వల్ల పది వేల లోపు దొరికే వీలు నిలిచింది.

అంతకు ఏడాది ముందు, 2012 మార్చిలో, హైదరాబాద్‌కు చెందిన నాట్కోకు దేశంలో తొలి కంపల్సరీ లైసెన్స్ (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా మందు తయారుచేసే అనుమతి) దక్కింది. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు బేయర్ కంపెనీ అమ్ముతున్న నెక్సావర్ ఖరీదు అప్పట్లో నెలకు 2,80,428 రూపాయలు. నాట్కో 8,880 రూపాయలకు ఇస్తానన్నది. అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ బేయర్‌కు చెల్లించాలని పేటెంట్ కంట్రోలర్ ఆదేశించారు. పేటెంట్ ఉన్నవారి హక్కూ ఉంది, రోగి బతికే హక్కూ ఉంది అని ఆ ఉత్తర్వు గుర్తించింది.

ఇవి ఆవిష్కరణకు వ్యతిరేకమైన తీర్పులని ఇప్పటికీ విమర్శ వినిపిస్తుంది. 3(డి) అడుగుతున్నది నిజమైన కొత్తదనాన్ని. కొత్తదనానికి మాత్రమే బహుమానం ఇస్తానన్న చట్టం ఆవిష్కరణకు శత్రువెలా అవుతుంది? నా ఆందోళన వేరే వైపు నుంచి. ఉన్న రక్షణలనే మనం నెమ్మదిగా జార్చుకుంటున్నాం. నెక్సావర్ తర్వాత మరో కంపల్సరీ లైసెన్స్ ఇవ్వలేదు. పేటెంట్‌ను దేశంలో ఉపయోగిస్తున్నారో లేదో ఏటా తెలపాల్సిన ఫారం 27ను 2024 నిబంధనలు మూడేళ్లకోసారికి మార్చాయి. పేటెంట్లు ఇక్కడ ఉత్పత్తికి ఉపయోగపడుతున్నాయా అన్నదే 1959లో అయ్యంగార్ వేసిన ప్రశ్న. దానికి జవాబు తెలుసుకునే ఏర్పాటునే పలచన చేయడం ఎవరి మేలుకోసం?

4. పరిమాణంలో మూడు, విలువలో పద్నాలుగు

మన సాధనను తక్కువ చేయకుండానే మన లోటును ఒప్పుకోవాలి. మందుల ఉత్పత్తిలో పరిమాణం చూస్తే భారత్ ప్రపంచంలో మూడో స్థానం. విలువ చూస్తే పద్నాలుగో స్థానం. ఏటా సుమారు 30 బిలియన్ డాలర్ల మందులు ఎగుమతి చేస్తున్నాం. వాటిలో అత్యధికం ఇతరులు కనిపెట్టిన మందులే. తయారీలో ఆరితేరాం, కనిపెట్టడంలో వెనకబడ్డాం.

ప్రయత్నాలు జరగలేదని కాదు. డాక్టర్ రెడ్డీస్ 1997లోనే తన సొంత అణువు బాలాగ్లిటజోన్‌ను డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకు ఇచ్చింది. అది మార్కెట్ దాకా రాలేదు. కొత్త మందుల పరిశోధనలో ఎక్కువ అణువులు అలాగే మధ్యలో ఆగిపోతాయి. ఆ నష్టాన్ని ఒక్క కంపెనీ మాత్రమే మోయాల్సి వస్తే రెండోసారి ధైర్యం చేయడం కష్టం. 2013లో అహ్మదాబాద్‌లోని జైడస్ సారోగ్లిటజార్‌ను పూర్తిగా సొంతంగా కనిపెట్టి ఆమోదం పొందింది. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

దీనికి కారణం పేటెంట్లు బలహీనంగా ఉండటమేనని చెప్పేవారు అమెరికా అసలు లెక్కను చూడాలి. 2010 నుంచి 2016 వరకు అక్కడ ఆమోదం పొందిన 210 కొత్త మందుల్లో ప్రతి ఒక్కదాని వెనుకా ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ డబ్బుతో జరిగిన పరిశోధన ఉందని 2018లో వెలువడిన అధ్యయనం చూపింది. మార్కెట్ దేశమని మనం పిలిచేచోట కూడా తొలి నష్టభయాన్ని మోస్తున్నది ప్రజల పన్నుల డబ్బే. చైనా పరిశోధనకు తన జాతీయాదాయంలో రెండు శాతానికి పైగా, దక్షిణ కొరియా నాలుగు శాతానికి పైగా ఖర్చు పెడుతున్నాయి. మన లెక్క 0.64 శాతం. చైనా 2015 నుంచి మందుల అనుమతి వ్యవస్థను సంస్కరించింది. ఇవాళ అమెరికా, యూరప్ కంపెనీలు కొత్త అణువులను చైనా ప్రయోగశాలల నుంచి లైసెన్సుకు కొంటున్నాయి.

అదే చైనా మీద ముడిసరుకు కోసం మనం ఆధారపడ్డాం. ఒకప్పుడు పింప్రిలో మొదలైన పెన్సిలిన్ మూలపదార్థం తయారీ చైనా ధరల ముందు నిలవలేక దేశంలో మూతబడింది. దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో, వాటి ముడిపదార్థాల్లో మూడింట రెండు వంతులు అక్కడివే. కోవిడ్ వచ్చాక గానీ మేలుకోలేదు. 2020లో 6,940 కోట్ల ప్రోత్సాహక పథకం పెట్టారు. దాని కింద కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి తయారీ తిరిగి మొదలైంది. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు మంజూరైంది. ఇవి మంచి అడుగులు. మూసుకుపోయిన పరిశ్రమను తిరిగి తెరవడానికి అయ్యే ఖర్చు, దాన్ని నిలుపుకోవడానికి అయ్యే ఖర్చు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

5. చవకదనానికి అసలు ధర

పోటీశక్తి గురించి మాట్లాడేటప్పుడు మన పత్రాల్లో కనిపించని పేర్లు కొన్ని ఉన్నాయి. పటాన్‌చెరు పక్కన పారే నక్కవాగు వాటిలో ఒకటి. స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రచురించిన పరిశీలనలో, అక్కడ మందుల కంపెనీల వ్యర్థజలాల శుద్ధి కర్మాగారం నుంచి బయటికి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ నీటిలో యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. రోగాన్ని తగ్గించే మందును చవకగా అమ్మి, ఆ మందు పనిచేయని రోగాన్ని పెంచుకోవడం ఏ లెక్కన లాభం? వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు విధిస్తూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.

అచ్యుతాపురంలోని మందుల కర్మాగారంలో 2024 ఆగస్టులో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. పాశమైలారంలోని ఫార్మా కర్మాగారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడుకు నలభై మందికి పైగా బలయ్యారు. వారిలో బతుకుతెరువుకు దూర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు ఎందరో ఉన్నారు. కార్మికుల ప్రాణాల మీద మిగుల్చుకున్న ఖర్చును పోటీశక్తి అని పిలవకూడదు.

కొత్త మందులు కనిపెట్టాలంటే మనుషుల మీద పరీక్షలు తప్పవు. వాటికి ప్రజల నమ్మకం కావాలి. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చిన అధ్యయనంలో చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. అధ్యయనాన్ని 2010లో ఆపేశారు. పార్లమెంటరీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్నవారిలో కొందరు బాలికల మరణాలకు టీకా కారణమని విచారణల్లో తేలలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపగల మంచి టీకా అది. అడగాల్సినవాళ్లను అడగకపోవడం వల్ల ఆ టీకా మీద పడిన అనుమానం ఏళ్ల తరబడి వదల్లేదు. నైతికత పరిశోధనకు అడ్డమనుకునేవారు ఖమ్మం అనుభవాన్ని చదవాలి.

6. ఏం చేయాలి?

మొదటిది, ఉన్న చట్టాన్ని కాపాడుకోవాలి. వాణిజ్య ఒప్పందాల బేరసారాల్లో 3(డి)ని గానీ, కంపల్సరీ లైసెన్స్ అధికారాన్ని గానీ వదులుకోకూడదు. పేటెంట్ ముగిసినా పరీక్షల సమాచారం పేరుతో గుత్తాధిపత్యాన్ని పొడిగించే డేటా ఎక్స్‌క్లూజివిటీని ఒప్పుకోకూడదు. ఫారం 27ను మళ్లీ ఏటా అడగాలి.

రెండోది, ప్రజల డబ్బుకు షరతులుండాలి. అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు అయిదేళ్లలో 50,000 కోట్లు సమకూర్చాలని సంకల్పించారు. ప్రైవేటు పరిశోధనను ప్రోత్సహించడానికి 2025లో లక్ష కోట్ల నిధిని ఆమోదించారు. ఆ డబ్బుతో పుట్టిన మందు ఇక్కడే తయారుకావాలి, అందుబాటు ధరకు దొరకాలి. ఇది సాధ్యమేనని ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి పరిశోధనలోంచి వచ్చి 2023లో ఆమోదం పొందిన కార్-టీ చికిత్స చూపింది. సుబ్బారావు గారు పోరాడిన రక్త క్యాన్సర్ మీదే అది పనిచేస్తుంది. విదేశాల్లో కోట్లలో ఉన్న ఖర్చు ఇక్కడ లక్షల్లోకి దిగింది. అది ఇంకా దిగాలి. భారత్ బయోటెక్ ప్రభుత్వ సంస్థలతో కలిసి తెచ్చిన రోటావ్యాక్ టీకా కూడా ఇదే దారి చూపింది.

మూడోది, విశ్వవిద్యాలయాలు. ఉస్మానియాలో, ఆంధ్రలో, కాకతీయలో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచి, ఆవిష్కరణల రాజధాని అవుతామనడం తగదు. ఐడీపీఎల్‌ను నడిపినవాళ్లు, దాన్నుంచి బయటికి వచ్చి కంపెనీలు పెట్టినవాళ్లు ఇలాంటి చోట్లనుంచే వచ్చారు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో నిబంధనలు పాటిస్తూ ఔషధ పరీక్షలు జరిపే కేంద్రాలు నెలకొల్పాలి. పరీక్ష ఎవరి మీద జరుగుతుందో వారి భాషలో, వారికి అర్థమయ్యేలా చెప్పి సమ్మతి తీసుకోవాలి.

నాలుగోది, వ్యర్థాల్లో యాంటీబయాటిక్‌ల పరిమితులను చట్టంలోకి తిరిగి తేవాలి. కార్మికుల భద్రతా తనిఖీల నివేదికలను ప్రజలకు తెలిసేలా బయటపెట్టాలి. చిన్న యూనిట్లు ఆ భారం మోయలేకపోతే ఉమ్మడి శుద్ధి ఏర్పాట్లకు ప్రభుత్వం సాయం చేయాలి. నియమాన్ని సడలించడం సాయం కాదు.

యువ పరిశోధకులకు ఒక విన్నపం. విదేశాలకు వెళ్లండి, నేర్చుకోండి. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. అయితే విధానాల చర్చను ఆర్థికవేత్తలకు, వకీళ్లకు వదిలేయకండి. పేటెంట్ దరఖాస్తు చదవడం నేర్చుకోండి. అన్యాయమైన దరఖాస్తు మీద అభ్యంతరం వేసే హక్కు మన చట్టం ఎవరికైనా ఇచ్చింది. దాన్ని వాడండి. విధానకర్తలకూ ఒక మాట. 1970లో పార్లమెంటు ప్రజల పక్షాన నిలబడి ఒక కష్టమైన నిర్ణయం తీసుకుంది. దాని ఫలితాన్ని ఇవాళ ప్రపంచమంతా మందు రూపంలో వాడుకుంటోంది. ఇప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయం పరిశోధనకు డబ్బు, ఓపిక, జవాబుదారీతనం కలిపి ఇవ్వడం. దాన్ని ఇంకా వాయిదా వేయకండి.